ర్యాంకు రాని శ్రమ వ్యర్థమా?
(కాయకతత్త్వ దృష్టితో ఒక విచారము)



హైదరాబాదు నుండి పడమటి దిక్కుగా సాగు 65వ జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటిన పిదప ఇస్నాపూర్ చౌరస్తా వచ్చును. అచ్చటి నుండి ఒక బాట పాశమైలారం పారిశ్రామికవాడకు చీలును. షిఫ్టులు మారు వేళలయందు ఆ చౌరస్తా జనముతో నిండిపోవును. తెలంగాణ పల్లెల వారే గాక ఒడిశా, బీహారు మొదలగు దూర రాష్ట్రముల శ్రామికులు సైతము ఆ పరిసరములలో అద్దె గదులయందు కాపురములు చేయుచున్నారు. అదే రహదారిపై మరికొంత దూరము పోయినచో కంది గ్రామమున హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణము కనబడును. ఇంకను పడమటికి పోయినచో జహీరాబాదు, హుమ్నాబాదుల మీదుగా, బసవేశ్వరుని అనుభవ మంటపము వెలసిన కల్యాణ పట్టణమునకు దారి కలదు. ఆ బాట ప్రక్కన పెరుగు బాలబాలికల జీవితమున ఈ మూడింటికిని సంబంధము కలదు. తండ్రి శ్రమ కర్మాగారమున ఉన్నది. బిడ్డపై పెట్టుకొన్న ఆశ విద్యాలయమున ఉన్నది. ఆ శ్రమకును ఆ ఆశకును అర్థము చెప్పవలసిన ధర్మము కల్యాణము నుండి రావలసియున్నది.

నారాయణఖేడు వైపు పల్లె నుండి ఉపాధికై వచ్చి ఇస్నాపూరులో స్థిరపడిన ఒక లింగాయత కుటుంబమును ఊహించుకొనవచ్చును. తండ్రి ఒక కర్మాగారమున షిఫ్టు పని చేయువాడు. పదవ తరగతి చదువు కుమారునకు గణితమున మిక్కిలి ఆసక్తి. ఉపాధ్యాయుని ప్రోత్సాహముతో వాడు గణిత ఒలింపియాడ్ తొలి పరీక్షకు పేరు వ్రాయించుకొని, ఏడాది పాటు తెల్లవారుజామున లేచి లెక్కలు సాధించెను. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరు వేళకు వాడు దీపము క్రింద కూర్చుండి యుండెడివాడు. పరీక్ష జరిగినది. ఫలితముల దినమున తండ్రి, “ఏమైంది బిడ్డా?” అని యడిగెను. కుమారుడు తల యెత్తలేదు. “లిస్టుల నా పేరు లేదు బాపూ. ఏడాదంతా ఉత్తగనే పాయె” అనెను.

ఇట్టి మాట వినబడని ఇల్లు నేడు అరుదు. పరీక్ష పేరు మారవచ్చును గాని మాట మారదు. ఆ బాలుడు తనపై తానే ఇచ్చుకొన్న తీర్పు సత్యమా? ఏడాది శ్రమ నిజముగనే వ్యర్థమైనదా? శ్రమను పూజతో సమానముగా నిలిపిన శరణుల ధర్మమును అనుసరించు సమాజము ఆ బాలునకు ఏమి చెప్పవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని ఇందు కాయకతత్త్వమంతయు ఇమిడియున్నది.

పరీక్ష స్వరూపము

తీర్పును విచారించుటకు పూర్వము పరీక్ష ఎట్టిదో తెలియవలెను. భారతదేశమున గణిత ఒలింపియాడ్ మార్గమునకు పలు మెట్లు కలవు. మొదటిది ఐ.ఓ.క్యు.ఎం. అని పిలువబడు అర్హతా పరీక్ష. మూడు గంటల కాలమున 30 ప్రశ్నలు, మొత్తము 100 మార్కులు. ప్రతి ప్రశ్నకును సమాధానము 00 నుండి 99 వరకు గల ఒక సంఖ్య. బాలుడు ఏ దారిన ఆలోచించెనో, ఎంత దూరము సరిగా నడచెనో ఆ సమాధాన పత్రమునకు తెలియదు. తుది సంఖ్య సరిపోయెనా లేదా అనునది మాత్రమే దానికి తెలియును. ఇందు నెగ్గినవారికి ప్రాంతీయ ఒలింపియాడ్. అచ్చట మూడు గంటలలో ఆరు సమస్యలకు సంపూర్ణముగా నిరూపణలు వ్రాయవలెను. ఆపై జాతీయ ఒలింపియాడ్, ఆపై శిక్షణ శిబిరము. తుదకు ఇంత పెద్ద దేశము నుండి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు పోవువారు ఆరుగురు మాత్రమే.

ఆ అంతర్జాతీయ పోటీ 1959లో రుమేనియా దేశమున ప్రారంభమైనది. భారతదేశము 1989లో తొలిసారి పాల్గొన్నది. 1996లో ముంబయి నగరమున ఆతిథ్యమిచ్చినది. రెండు దినములలో ఆరు సమస్యలు. ఒక్కొక్క దానికి 7 చొప్పున మొత్తము 42 మార్కులు. అచ్చటి నియమమొకటి గమనింపదగినది. పాల్గొన్నవారిలో దాదాపు సగము మందికి మాత్రమే పతకములు లభించును. స్వర్ణ, రజత, కాంస్య పతకములను ఇంచుమించు 1:2:3 నిష్పత్తిలో పంచుదురు. అనగా ప్రపంచ దేశములు ఏరికోరి పంపిన బాల మేధావులలో సైతము సుమారు సగము మంది పతకము లేకయే ఇండ్లకు మరలుచున్నారు. దేశములకును ఈ హెచ్చుతగ్గులు తప్పలేదు. 2017లో బ్రెజిల్ దేశమున జరిగిన పోటీలో భారత జట్టు 52వ స్థానమున నిలిచినది. 2024లో ఇంగ్లండు నందలి బాత్ నగరమున నాలుగు స్వర్ణ పతకములతో 4వ స్థానమునకు వచ్చినది.

కావున ఈ పోటీలలో నిరాశ యనునది ఆకస్మికము గాదు. అది వాటి నిర్మాణములోనే కలదు. ప్రతి మెట్టుపై కొందరిని మాత్రమే పైకి పంపుటకై ఏర్పడిన పరీక్షలో అధిక సంఖ్యాకులు క్రిందనే నిలిచిపోవుదురు. వారి శ్రమయంతయు వ్యర్థమే యైనచో, దేశమున వేలాది బాలుర తెల్లవారుజాములన్నియు ఆరుగురి కొరకు వ్యర్థమైనవని ఒప్పుకొనవలసి వచ్చును. ఇట్టి ముగింపును వివేకవంతు డెవ్వడును అంగీకరింపడు.

మూడు ఊరటలు

నిరాశ చెందిన బాలునకు పెద్దలు సామాన్యముగా మూడు ఊరటలు చెప్పుచుందురు. మూడును సదుద్దేశముతో చెప్పునవే గాని మూడింటిలోను లోపమున్నది.

మొదటిది: “ఫలితము ముఖ్యము గాదు” అనుట. ఇది కలిగినవారు చెప్పుకొనదగిన మాట. పేద ఇంట ఫలితము ముఖ్యమే. ఎనిమిదవ తరగతి చదువు పేద విద్యార్థులకు జరుగు జాతీయ ఉపకార వేతన పరీక్షలో నెగ్గిన బాలికకు సంవత్సరమునకు 12,000 రూపాయలు లభించును. కాంట్రాక్టు కూలి చేసికొను ఇంటికి అది చిన్న మొత్తము గాదు. ఆ వేతనము చేజారిన బాలికతో ఫలితము ముఖ్యము గాదనుట ఆమె దుఃఖమును అవమానించుటయే యగును. బాలలకు అసత్యము వెంటనే తెలియును. ఏడాది పొడుగునను ఫలితమే ముఖ్యమని చెప్పిన పెద్దలు ఫలితము రాని మరునాడు మాట మార్చినచో, బాలుడు ఆ రెండు మాటలలో మొదటిదానినే నమ్మును.

రెండవది: “రామానుజన్ అంతటివాడే పరీక్షలు తప్పినాడు” అనుట. శ్రీనివాస రామానుజన్ కుంభకోణము కళాశాలలో తక్కిన విషయములను అశ్రద్ధ చేసి విద్యార్థి వేతనము పోగొట్టుకొన్న మాట నిజము. 1905లో ఇంట చెప్పకయే విశాఖపట్టణమునకు వెడలిపోయిన మాట నిజము. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో విఫలుడైన మాట నిజము. కథ సత్యమే, దాని నుండి తీయు నీతి మాత్రము సరికాదు. “నీవును ఒకనాడు ప్రసిద్ధుడవగుదువు, కావున నేటి ఓటమి పరవాలేదు” అను నీతియందు, ప్రసిద్ధి పొందనివాని ఓటమి మాత్రము నిజమైన ఓటమియే యను అర్థము దాగియున్నది. ఓడిన లక్షమందిలో రామానుజన్ అగువాడొక్కడు. తక్కినవారికి ఈ కథ ఊరట యెట్లగును? ఆ మహనీయుని జీవితము నుండి గ్రహింపదగిన నీతి వేరు. విఫలుడని లోకమనిన ఆ సంవత్సరములయందే ఆయన పలకపై లెక్కలు కట్టుచు నోటుపుస్తకములు నింపుచుండెను. 1913లో కేంబ్రిడ్జి పండితుడు హార్డీకి లేఖ వ్రాయునాటికి ఆ పని సంవత్సరముల తరబడి సాగియున్నది. పేరు వచ్చునని కాదు, పని పనియై నిలిచినది గనుక సాగినది.

మూడవది: “నుదుట వ్రాసినది అంతే” అనుట. శరణుల సంప్రదాయమునకు ఇది పూర్తిగా విరుద్ధము. ముహూర్తములను, శకునములను లెక్కింపక, మానవుని నడవడినే ప్రధానముగా గొన్నవారు బసవాది శరణులు. వారి సంతతి యని చెప్పుకొనువారు బిడ్డ పరీక్ష తప్పగనే జాతకము తెరచి చూచుట తగదు. పైగా, విధిపై నెట్టిన ఓటమి వలన నేర్చుకొనదగినది ఏమియు మిగులదు.

కాయకమును దాని కూలియు

ఈ మూడు ఊరటలు చాలనపుడు కాయకతత్త్వము చెప్పునదేమి?

ఫలమును తలపక కర్మము చేయుమనుట ఒక మార్గము. శరణుల మార్గము కొంత భిన్నము. కాయకమునకు కూలి లేదని వారు చెప్పలేదు. చాకలి, మంగలి, చెప్పులు కుట్టువాడు, పేడు త్రాడు పేనువాడు — అందరును తమ పనికి తగిన కూలి గైకొని, అందులో నుండియే దాసోహము చేసిరి. వారు విచారించినది కూలి యేది, కూలికి మించినది యేది అను విషయము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము వీరశైవ గృహములలో అందరు నెరిగినదే. మారయ్య చిందిన బియ్యపు గింజలను ఏరుకొనుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. తమకు చెందవలసినంత మాత్రమే యుంచి, అధికమైనదానిని తిరిగి ఇచ్చిరమ్మని పతిని పంపెను. ఆ పేద ఇల్లాలికి కూలి యేదో, అధికమేదో స్పష్టముగా తెలియును.

విద్యార్థి కాయకమునకు కూలి యేమి? ర్యాంకా? కాదు. ఒక చిన్న లెక్కను దృష్టాంతముగా గొనవచ్చును. 1 నుండి 100 వరకు గల సంఖ్యలలో ఏవేని 51 సంఖ్యలను ఎన్నుకొనుడని చెప్పినచో, ఎట్లు ఎన్నుకొన్నను వాటిలో రెండు పక్కపక్క సంఖ్యలు ఉండియే తీరును. దీనిని నిరూపింపవలెను. బాలుడు మొదట కొన్ని ఉదాహరణములు వ్రాసి చూచును. అవి యన్నియు సరిపోవును గాని నిరూపణ కాదు. సరిసంఖ్యలను మాత్రమే తీసికొనును. అవి 50 మాత్రమే. 51వది తీయగనే ఏదో ఒకదానికి పొరుగుది యగును. ఇది దారి చూపును గాని ఇంకను నిరూపణ కాదు. రెండు దినములు తంటాలు పడిన పిదప వానికి తోచును: 1, 2 ఒక జత, 3, 4 ఒక జత, ఇట్లు 99, 100 వరకు 50 జతలు. 51 సంఖ్యలను 50 జతల నుండి ఎన్నుకొన్నచో ఏదో ఒక జతలోని రెండును రాక తప్పదు. సమస్య తీరినది.

ఆ రెండు దినములలో బాలునకు దొరికినదేమి? ఉదాహరణమునకు నిరూపణకు గల భేదము తెలిసినది. తప్పు దారి సైతము దారి చూపునని తెలిసినది. తెలియని దాని యెదుట ఓర్పుతో కూర్చుండుట అలవడినది. ఈ కూలి సమస్య తీరిన నాడే వానికి ముట్టినది. సెప్టెంబరు మాసమున జరిగిన మూడు గంటల పరీక్ష దానిని ఇచ్చినది గాదు. కావున ఆ పరీక్ష దానిని తిరిగి తీసికొనజాలదు. ర్యాంకు కూలికి మించిన గింజ వంటిది. అది వచ్చుట పాపము గాదు. వచ్చినచో వినయముతో స్వీకరింపవచ్చును. అది రానందువలన కూలియే పోయినదనుట మాత్రము లెక్క తప్పుట.

ఈ భేదమును అంగీకరించినచో సన్నాహ విధానమును సైతము మార్చుకొనవలసి యుండును. అర్థము గాకయే సాధనలను వల్లించి పొందిన మార్కులు, చేయని పనికి తెచ్చుకొన్న గింజల వంటివి. నిద్రాహారములు మాని శరీరమును పాడుచేసికొను చదువును కాయకమనరాదు. ఇష్టలింగమును ధరించు దేహము దేవాలయమని ఎంచు సంప్రదాయమున అది అపచారము. తండ్రి శక్తికి మించిన అప్పు చేసి కోచింగు కట్టి, ఆ అప్పు భారమును బిడ్డ భుజములపై మోపుట న్యాయము గాదు. గణిత సమస్యకు కావలసినవి ప్రధానముగా కాగితము, కలము, కాలము, తప్పు చూపు ఉపాధ్యాయుడు.

నిరాశ వచ్చిన పిదప చేయవలసిన పనియు కాయకమే. మొదట దుఃఖమునకు కొన్ని దినముల అవకాశమీయవలెను; ఏడ్చు బిడ్డను వెంటనే ఉపదేశములతో ముంచెత్తరాదు. పిదప ప్రశ్నపత్రమును మరల తెరచి, పోయిన మార్కులను మూడు కుప్పలుగా వేరు చేయవలెను. తెలియక పోయినవి ఒక కుప్ప. తెలిసియు తొందరలో తప్పినవి రెండవ కుప్ప. కాలము చాలక చేరలేకపోయినవి మూడవ కుప్ప. మొదటిదానికి క్రొత్త పాఠము, రెండవదానికి సరిచూచుకొను అలవాటు, మూడవదానికి ఏ ప్రశ్నను ముందు పట్టవలెనో తెలిసికొను వివేకము మందు. వయోనియమములకు లోబడి మరుసటి సంవత్సరము మరల వ్రాయు అవకాశము పదవ తరగతి బాలునకు ఉండును. మరల వ్రాయక తన బుద్ధిని వేరొక విద్య వైపు మరల్చుకొన్నను దోషము లేదు. కాయకమును మార్చుకొనుటకు శరణుల కాలమునను అభ్యంతరము లేకుండెను.

క్రొత్త హెచ్చుతగ్గులు

ఇంతవరకు చెప్పినది బాలునకు. సమాజమునకు చెప్పవలసినది వేరుగా కలదు. బాలుని నోట “ఉత్తగనే పాయె” అను మాట పుట్టుటకు ముందు ఆ మాటను పెద్దలు పలు రూపములలో పలికియున్నారు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ శరణులు పుట్టుకను బట్టి మనుష్యులను పైవాడు, క్రిందివాడు అని వరుసలో నిలుపుటను నిరాకరించిరి. హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తెకు జరిగిన వివాహము నిమిత్తమై వారు చెల్లించిన మూల్యము చరిత్రలో కలదు. అట్టివారి అనుయాయుల ఇండ్లలో నేడు వివాహ శుభకార్యములకు బంధువులు కూడినచో, “మీవాడికి ఎంత ర్యాంకు వచ్చినది?” అను ప్రశ్నతో పిల్లలను మరల వరుసలో నిలుపుచున్నారు. మంచి ర్యాంకు గలవానిని ముందునకు పిలిచి కూర్చుండబెట్టుదురు. లేనివాడు వంటయింటి వైపు తప్పుకొనును. పుట్టుకకు బదులు మార్కులు వచ్చినవి గాని వరుస వరుసయే. మనుష్యుని విలువను అంకెతో కొలుచుట ఆరంభమైన చోట హెచ్చుతగ్గులు క్రొత్త వేషమున ప్రవేశించినట్లే.

ఈ వరుస విద్యకును మేలు చేయలేదని లోకానుభవము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణిత ట్రైపోస్ పరీక్షలో నెగ్గినవారిని స్థానక్రమమున ప్రకటించి, ప్రథముని సీనియర్ రాంగ్లర్ అని గౌరవించెడివారు. విద్యుదయస్కాంత సిద్ధాంతమును నిర్మించిన మాక్స్‌వెల్ 1854లో ద్వితీయుడు. రామానుజన్‌ను గుర్తించిన హార్డీ 1898లో నాల్గవవాడు. ఆ స్థానముల కొరకు శిక్షకుల వద్ద కిటుకులు వల్లించుటయే చదువై, ఇంగ్లండున గణితమునకే హాని కలిగినదని హార్డీ తీవ్రముగా విమర్శించెను. 1909 తరువాత ఆ స్థానక్రమ ప్రకటన నిలిచిపోయినది.

“వరుస లేనిచో ఉన్న కొద్ది స్థానములకు ఎవ్వరిని ఎన్నుకొందురు?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. ఆరుగురిని పంపవలసినచో ఆరుగురిని ఏరవలసినదే. అందుకు పరీక్ష కావలెను. అయితే పరీక్ష చెప్పునది ఆ దినమున, ఆ ప్రశ్నలకు, ఆ స్థానమునకు ఎవరు తగియున్నారు అనునంత మాత్రమే. అది స్థానమును గూర్చిన నిర్ణయము. మనుష్యుని గూర్చిన నిర్ణయము గాదు. అనుభవ మంటపమున సైతము పరీక్షలు జరిగినవి. అక్కమహాదేవిని అల్లమప్రభువు కఠిన ప్రశ్నలతో పరీక్షించెనని, సొన్నలిగెలో చెరువులు త్రవ్వించుచున్న సిద్ధరాముని ఆయన నిలదీసెనని శూన్యసంపాదన గ్రంథము చెప్పుచున్నది. ఆ పరీక్షలలో ఒకరు నెగ్గుట వలన మరియొకరి స్థానము పోలేదు. ప్రశ్నింపబడినవాడు తన్ను తాను తెలిసికొనుటకే ప్రశ్న. లోకపు పరీక్ష ఏరుటకు, మంటపపు పరీక్ష ఎరుకకు. మొదటిది అవసరము గావచ్చును; దానికి రెండవదాని గౌరవము నీయరాదు.

విలువ ముందు, విద్య పిదప

ఈ భేదము మరచినచో కలుగు అనర్థము మాటలతో తీరునది గాదు. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల తయారీలో లోపములు జరిగినవని అటుపిమ్మట నియమితమైన సంఘము తేల్చినది. తెలుగు పరీక్షలో సున్న మార్కులు చూపబడిన ఒక బాలికకు పునఃపరిశీలనలో 99 మార్కులు వచ్చినవి. అంకె అంతగా పొరపడగలదు. ఆ అంకెలన్నియు సరియైనవే యైనను, ఒక బిడ్డ జీవించుటకు తగునా తగదా అని చెప్పు అధికారము ఏ అంకెకును లేదు. ఆ ఇండ్లలో ఒక్కదానియందైనను ఈ మాట ఫలితములకు ముందే పలుమార్లు చెప్పబడియున్నచో ఏమి జరిగెడిదో ఎవ్వరును చెప్పజాలరు. కాని చెప్పకుండుటకు మాత్రము కారణమేదియు లేదు.

వీరశైవ ధర్మమున ఈ మాట క్రొత్తగా కల్పింపవలసినది గాదు. శిశువు జన్మించిన కొలది దినములకే, కొన్ని సంప్రదాయములలో గర్భమునందు ఉండగనే, గురువు లింగధారణము చేయించును. ఆ శిశువునకు అప్పటికి అక్షరము రాదు, అంకె రాదు, ఏ పోటీయందును పేరు లేదు. ఐనను జగత్తునంతను నిండిన పరశివుని చిహ్నము ఆ చిన్న యెదపై నిలుచును. లింగమును ధరించుటకు అర్హతా పరీక్ష లేదు. కటాఫ్ మార్కు లేదు. బిడ్డ విలువ ముందు వచ్చినది. విద్య పిదప వచ్చినది. పిదప వచ్చినది ముందున్న దానిని రద్దు చేయజాలదు. లింగధారణము చేయించిన తలిదండ్రులే బిడ్డ పేరు లిస్టులో లేదని వాని ముఖము చూడకుండుట తాము చేయించిన సంస్కారమును తామే మరచుట.

కావున ఫలితముల దినమున ఇంట మొదట పలుకవలసిన మాట మార్కులను గూర్చినది గాదు. “తిన్నవా బిడ్డా?” అని యడిగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. బిడ్డ కొన్ని దినముల పాటు తినక, నిద్రింపక, ఎవ్వరితోను మాటలాడక యున్నచో, అది గర్వమనియు మొండితనమనియు ఎంచక, వైద్యుని వద్దకు కొనిపోవలెను. కేంద్ర ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును. మనోవ్యథకు వైద్యము కోరుట సిగ్గుపడవలసిన విషయము గాదు.

దాసోహము

కాయకమునకు కూలి విద్య యని తేలినది. కూలిని దాచుకొనిన కాయకము పూర్తి గాదు. దాసోహముతోనే అది నిండును. ర్యాంకును ఇతరులకు పంచుట సాధ్యము గాదు. ఒకడు గైకొన్నచో మరియొకనికి లేదు. నేర్చిన లెక్కను పంచినచో ఇచ్చినవానికిని తరుగదు. లిస్టులో పేరు లేని బాలునకు దాసోహము చేయుటకు కావలసిన ధనము పూర్తిగా ఉన్నది.

తెలుగు గణితము ఆరంభమైనదే ఇట్టి దాసోహముతో. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసార సంగ్రహమును రచించెను. సంస్కృతము రానివారికి అది అందవలెనని పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. విద్యాదాసోహమునకు సమీప కాలపు దృష్టాంతము తుమకూరు సిద్ధగంగా మఠము. 2019 జనవరిలో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల తరబడి నడిపించి, కులమత భేదము లేక వేలాది బాలలను చదివించిరి. అచ్చట చేరు బాలుని ర్యాంకు యెంతయని ముందుగా అడిగి అన్నము పెట్టలేదు.

మఠములును, సంఘములును చేయదగిన పని యొకటి కలదు. వైశాఖ శుద్ధ తదియనాటి బసవ జయంతి సభలలో మంచి మార్కులు వచ్చిన బాలలకు శాలువలు కప్పి పురస్కారములు ఇచ్చుట వాడుక. అది తప్పు గాదు. అయితే అదే వేదికపై, ఫలితము ఎట్లున్నను ఏడాది పొడుగున తనకంటె చిన్నవారికి చదువు చెప్పిన బాలుని, బాలికను సైతము పిలువవలెను. ఆ సభయందు ర్యాంకు రాని పిల్లలు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చుండు స్థితి బసవేశ్వరుని పేర జరుగు ఉత్సవమునకు తగినది గాదు. వారమునకొక సాయంకాలము మఠపు మంటపమున ఒక నల్లబల్ల, నాలుగు గణిత పుస్తకములు, ఒక దీపము ఏర్పరచినచో, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుకొందురు. ఇస్నాపూర్ వంటి చోట ఆ బల్ల యెదుట ఒడిశా కూలి బిడ్డయు, లింగాయత బిడ్డయు పక్కపక్కనే కూర్చుందురు. లెక్కకు భాష యడ్డు రాదు. అనుభవ మంటపము నేటి కాలమున ధరింపదగిన రూపములలో ఇదియు నొకటి.

ఇపుడు ఆ యింటికి మరలవచ్చును. “ఏడాదంతా ఉత్తగనే పాయె” అని కుమారుడు తల వంచుకొని యున్నాడు. తండ్రికి ఒలింపియాడ్ లెక్కలు తెలియవు. కాని పని యనిన నేమో తెలియును. దినమంతయు యంత్రము వద్ద నిలిచి చేసిన సరుకుపై తన పేరు ఉండదని ఆయనకు తెలియును. ఐనను ఆ సరుకు ఉత్తగ పోలేదని, ఎవరి ఇంటనో అక్కరకు వచ్చుచున్నదని తెలియును. ఆయన చెప్పదగిన మాట యిది: “ఉత్తగ పోలేదు బిడ్డా. నీకొచ్చిన లెక్కను ఎవ్వరు గుంజుకపోరు. పొద్దుగూకినంక పక్కింటి పిల్లగాండ్లకు అది చెప్పు. నేను గూడ కూసోని ఇంటా.”

ఆ సాయంకాలము ఆ బాలుడు 50 జతల లెక్కను ఆరవ తరగతి పిల్లవానికి చెప్పవచ్చును. ఆ చిన్నవాని కన్నులలో అర్థమైన వెలుగు కనబడిన క్షణమున, ఏడాది కూలి తన చేతిలోనే యున్నదని వానికి తెలియును. లిస్టు చెప్పనిది ఆ పిల్లవాడు చెప్పును.